లింక్ ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకునేది: నా అనుభవం

పది రోజులుగా నా బ్రౌజర్‌లో ఏ లింక్ నొక్కినా ముందు ఏదో ప్రకటన పేజీ వచ్చేది. వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కితే అప్పుడు సరైన పేజీ. బ్యాంకు పనులు కూడా ఇందులోనే చేస్తాను కాబట్టి చాలా టెన్షన్ పడ్డాను.

మొదట క్యాష్, కుకీలు (సైట్ల కోసం బ్రౌజర్ దాచి ఉంచుకునే సమాచారం) తుడిచేశాను. ఫలితం లేదు.

తర్వాత నిదానంగా గమనించాను. లింక్ మీద మౌస్ పెడితే కింద ఎడమ మూల కనిపించే చిరునామా సరిగ్గానే ఉంది. నొక్కగానే మాత్రం పైన అడ్రస్ బార్‌లో వేరే పేరు ఒక్క క్షణం మెరిసి మాయమవుతోంది. అంటే లింక్‌లో తప్పు లేదు, మధ్యలో ఎవరో దారి మళ్లిస్తున్నారు. అదే లింక్‌ను ఇన్‌కాగ్నిటో విండోలో (హిస్టరీ దాచుకోని ప్రైవేట్ విండో) తెరిస్తే నేరుగా వెళ్లింది. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు మనం అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అందులో పనిచేయవు. దాంతో అనుమానం వాటి మీదకే పోయింది.

నా దగ్గర 9 ఉన్నాయి. సగం ఆపి చూశాను, తర్వాత అనుమానం మిగిలిన వాటిలో మళ్లీ సగం, ఇలా తగ్గించుకుంటూ పోయాను. ఒక్కొక్కటీ ఆపడం కన్నా ఇదే త్వరగా తేలుతుంది. చివరికి ఎప్పుడో స్క్రీన్‌షాట్ల కోసం పెట్టుకున్నది దొరికింది. అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదివే, మార్చే అనుమతి దానికి నేనే ఇచ్చి ఉన్నాను! ఆపడంతో సరిపెట్టకుండా పూర్తిగా తీసేశాను. సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్, నోటిఫికేషన్ అనుమతులు కూడా చూశాను. నాకు తెలియని సైటు ఒకటి అక్కడ ఉంది, దాన్నీ తొలగించాను.

ఇది కాక, మెయిల్‌లోని లింకులు వేరే బ్రౌజర్‌లో తెరుచుకునేవి. అది మాత్రం వేరే సమస్య. విండోస్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి నా బ్రౌజర్‌ను ఎంచుకుంటే సరిపోయింది.