టీవీ లేకుండా పీఎస్5, మూడో పాఠం: గోడలు, వైఫై, ఒక ల్యాన్ కేబుల్

రెండో పాఠం పూర్తయ్యేసరికి మీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కన్సోల్‌లో రిమోట్ ప్లే, అంటే ఆట బొమ్మను నెట్‌వర్క్ మీదుగా వేరే తెరకు పంపే సదుపాయం, ఆన్ అయింది. 8 అంకెల కోడ్ కొట్టాక మీ మెటా క్వెస్ట్ వీఆర్ హెడ్‌సెట్‌లోని యాప్ దానితో జతయింది. కళ్లెదుట పెద్ద తెర మీద కన్సోల్ హోమ్ స్క్రీన్ కూడా కనిపించింది. మెనూలు తిప్పుతున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. ఆట మొదలుపెట్టి కెమెరాను గిర్రున తిప్పగానే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. లేదంటే బ్యాట్ ఊపమని బటన్ నొక్కితే బంతి వికెట్లు దాటాక బ్యాట్ కదులుతుంది. ఈ పాఠం దాని గురించే. మొత్తం పాఠాల్లో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఇదే, అందుకే కాస్త పొడుగ్గా ఉంటుంది.

ఇలా జరగ్గానే చాలామంది బ్రాడ్‌బ్యాండ్ వాళ్లకు ఫోన్ చేసి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కి మార్పించుకుంటారు. దయచేసి ఆ డబ్బు పెట్టకండి. కన్సోల్, హెడ్‌సెట్ రెండూ ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నప్పుడు ఆట బొమ్మ మీ ఇల్లు దాటి బయటికి వెళ్లదు. ఖాతాలో లాగిన్ అవడానికి నెట్ కావాలి, అంతే. ఆ తర్వాత ప్రయాణమంతా హాల్లోంచి బెడ్‌రూమ్‌కే. రిమోట్ ప్లేకి సోనీ అడిగేది కనీసం 5 ఎంబీపీఎస్, బాగా నడవాలంటే 15. ఈ కాలపు రౌటర్‌కు అదొక లెక్క కాదు. మరి బొమ్మ ఎందుకు చెదురుతోంది?

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 15 ఎంబీపీఎస్‌ను 60తో భాగిస్తే ఒక ఫ్రేము సగటున 31 కిలోబైట్లు. అది ఒక్కటిగా రాదు, 20కి పైగా ప్యాకెట్లుగా విడిపోయి వస్తుంది. అవన్నీ ఆ 16.7 మిల్లీసెకన్లలోనే చేరాలి. సినిమా చూసేటప్పుడు యాప్ కొన్ని సెకన్ల బొమ్మను ముందే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో నెట్ తడబడినా మనకు తెలియదు. ఆటలో అలా దాచుకోవడం కుదరదు, మీరు నొక్కబోయే బటన్ ఇంకా నొక్కలేదు కదా. అందుకే ఇక్కడ వేగం కంటే నిలకడ ముఖ్యం. రౌటర్ 30 మిల్లీసెకన్లు తటపటాయిస్తే రెండు ఫ్రేములు పోయినట్టే. స్పీడ్ టెస్టులో ఆ తటపటాయింపు కనిపించదు.

వైఫై ఎందుకు తటపటాయిస్తుందంటే, అది ఒకే మైకున్న సభ లాంటిది. ఒక ఛానెల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. మీ ఫోను, స్మార్ట్ టీవీ, పక్క ఫ్లాట్ రౌటర్ అన్నీ అదే మైకు కోసం వరసలో ఉంటాయి. ఇప్పుడు మీ కన్సోల్ కూడా వైఫై మీదే ఉందనుకోండి. ప్రతి ప్యాకెట్ ముందు కన్సోల్ నుంచి రౌటర్‌కు, తర్వాత రౌటర్ నుంచి హెడ్‌సెట్‌కు వెళ్తుంది. రెండు ప్రయాణాలూ గాల్లోనే, తరచుగా ఒకే ఛానెల్ మీదే. అంటే ఒకే మాట కోసం మైకు రెండుసార్లు పట్టుకోవాలి.

కాబట్టి ఈ పాఠంలో మొదటి పని, మిగతావన్నీ మానేసినా మానకూడని పని: కన్సోల్‌ను రౌటర్‌కు ల్యాన్ కేబుల్‌తో కలపండి. హెడ్‌సెట్ ఎలాగూ వైర్‌లెస్‌గానే ఉండాలి. అందులో రాజీ పడాల్సిందే. కన్సోల్ అలా కాదు, టీవీ యూనిట్ మీద కదలకుండా కూర్చునే పెట్టె. దానికి వైర్‌లెస్ అవసరమే లేదు.

మన అపార్ట్‌మెంట్లలో ఫైబర్ పెట్టెను చాలాసార్లు మెయిన్ డోర్ పైనో, చెప్పుల స్టాండ్ పక్కనో బిగించి వెళ్లిపోతారు. టీవీ యూనిట్ అవతలి గోడకుంటుంది. కేబుల్ కొనేముందు టీవీ వెనక స్విచ్ బోర్డు ఒకసారి చూడండి. కొత్త ఫ్లాట్లలో బిల్డరే అక్కడ ల్యాన్ పాయింట్ ఇచ్చి ఉండొచ్చు, దాని రెండో కొస రౌటర్ దగ్గర ప్లేటు వెనక చుట్టి ఉంటుంది. లేకపోతే క్యాట్ 6 కేబుల్ కొనండి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే, అందరూ సీటీసీ అనేది దాన్నే, కావలసిన పొడవు కోసి ఇచ్చే షాపులు దొరుకుతాయి. కోఠి గుజరాతీ గల్లీ మీకు దగ్గరైతే అక్కడా అడగొచ్చు. కొనేటప్పుడు ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపలిదాకా రాగి రంగే ఉంటే తీసుకోండి. గీకిన చోట తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. ధర తక్కువే గానీ వంచుతూ ఉంటే లోపల తెగొచ్చు, పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ కూడా పడిపోతుంది. రాగిదే తీసుకోండి.

కొసలకు కనెక్టర్ షాపువాళ్లే బిగిస్తారు. మీరే బిగించుకోవాలనుకుంటే వరస ఇది. క్లిప్పు కింది వైపుకు, బంగారు రంగు పిన్నులు మీకు కనిపించేలా పైకి పట్టుకుని, ఎడమ నుంచి వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండు కొసలకూ ఇదే వరస. తీగలన్నీ సమంగా కత్తిరించి, ప్రతి తీగ కొసా కనెక్టర్ ముందు గోడకు తగిలిందని చూశాకే క్రింపింగ్ టూల్ నొక్కండి. ఎనిమిదిలో ఏదైనా సరిగ్గా అంటకపోతే 1000 ఎంబీపీఎస్ రావలసిన లింకు 100కి పడిపోవచ్చు. మన 15కి అదీ చాలు, కాబట్టి కంగారు పడకండి. కలపడం అయ్యాక పీఎస్5 నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కనెక్షన్ వైఫై నుంచి ల్యాన్‌కు మారిందని చూసుకోండి. ఆ ఒక్క మార్పుకే సగం ఇళ్లలో గళ్లు పోతాయని నా నమ్మకం.

ఇక మిగిలింది రౌటర్ నుంచి హెడ్‌సెట్ దాకా గాలి దారి. ఇక్కడ మీ ఇల్లు ఎప్పుడు కట్టారన్నది తేడా తెస్తుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్లలో చాలావాటిని మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు, గదుల మధ్య గోడల్లో కూడా ఇనుప చువ్వలు. రౌటర్ ఇచ్చే రెండు వైఫై బ్యాండ్లు 2.4, 5 గిగాహెర్ట్జ్‌లలో మనం వాడబోయే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అలాంటి గోడ ఒక్కటి అడ్డమొచ్చినా పెద్ద దెబ్బే. పాతబస్తీలోనో, సికింద్రాబాద్ పాత వీధుల్లోనో రాతి గోడల ఇళ్లున్నవాళ్లదీ అదే కష్టం. మామూలు ఇటుక గోడ అంత బాధించదు. గోడ ఏదైనా, రౌటర్‌కూ మీకూ మధ్య స్టీలు బీరువా ఉంటే దాన్ని జరపండి, లేదా మీరు జరగండి.

ఫోన్‌లో ఏదైనా వైఫై అనలైజర్ యాప్ వేసుకుని, ఆడటానికి కూర్చునే చోటే నిలబడి మీ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఎంతుందో చూడండి. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరైనకొద్దీ మంచిది. మైనస్ 50 డీబీఎం ఉంటే హాయిగా ఆడొచ్చు. మైనస్ 67 దాటితే నిలకడ మీద ఆశ పెట్టుకోకండి, కుర్చీ మార్చడమే మేలు. దూరం తగ్గించడానికి వైర్‌లెస్ రిపీటర్ కొనమని ఎవరైనా చెబితే వినకండి. అది ప్రతి ప్యాకెట్‌నూ విని మళ్లీ చెబుతుంది, అంటే మనం కేబుల్ వేసి తప్పించుకున్న రెండో ప్రయాణం వెనక్కి వస్తుంది. రెండో రౌటర్ పెట్టాలనుకుంటే దాన్నీ కేబుల్‌తోనే కలిపి యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన నెట్‌వర్క్‌ను ఆ గదిలో వైఫైగా ఇచ్చే పెట్టెగా, వాడండి.

అదే యాప్‌లో ఇరుగుపొరుగు రౌటర్లు ఏ ఛానెల్ మీద ఉన్నాయో కూడా కనిపిస్తుంది. కూకట్‌పల్లిలో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా 2.4 గిగాహెర్ట్జ్ పేజీ గీతల మీద గీతలతో నిండిపోయి ఉంటుంది. అక్కడ ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే మరి. పైగా బ్లూటూత్ కూడా అదే మైదానంలో తిరుగుతుంది, మీ కంట్రోలర్ హెడ్‌సెట్‌తో మాట్లాడేది బ్లూటూత్‌లోనే. హెడ్‌సెట్‌ను 2.4 మీద పెడితే బొమ్మ, బటన్ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బొమ్మ కంటే ముందు బటన్లు తప్పుతున్నాయంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

రౌటర్ పేజీ తెరవండి. అడ్రసు, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి, అడ్రసు తరచుగా 192.168.1.1. రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే విడదీసి 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టండి, హెడ్‌సెట్‌లో ఆ పేరొక్కటే ఉంచి పాతది మరచిపోమనండి. ఛానెల్‌ను ఆటో నుంచి తీసి 36 లేదా 149లో ఏది ఖాళీగా కనిపిస్తే అది ఇవ్వండి. 52 నుంచి 64 వరకు వదిలేయండి. ఆ ఛానెళ్ల మీద రౌటర్ రాడార్ జాడ కోసం వింటూ ఉండాలి, వినిపిస్తే వెంటనే ఖాళీ చేసి వెళ్లిపోవాలి, మీ మ్యాచ్ చివరి ఓవర్‌లో ఉన్నా సరే. విడ్త్ (ఛానెల్ వెడల్పు) అని ఉన్నచోట 80 తీసి 40 పెట్టండి. డబ్బాపై ముద్రించిన వేగం తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ పక్కవాళ్ల ఛానెళ్లతో గొడవ సగమవుతుంది. మనకు కావలసింది ఆ ప్రశాంతతే.

అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు వేరే చిక్కు. సిగ్నల్ నిండుగా ఉంటుంది, నెట్ వస్తుంది, అయినా హెడ్‌సెట్‌కు కన్సోల్ కనిపించదు. హాస్టల్ వైఫైలో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా కట్టడి చేసి ఉండొచ్చు. అది భద్రత కోసం, తప్పు కాదు. దాన్ని దాటడానికి పెద్ద ఖర్చేమీ లేదు. సొంతంగా చిన్న డ్యూయల్ బ్యాండ్ రౌటర్ ఒకటి గదిలో పెట్టుకుని, కన్సోల్‌ను దానికి కేబుల్‌తో, హెడ్‌సెట్‌ను దాని 5 గిగాహెర్ట్జ్‌కు కలపండి. లాగిన్ కోసం ఆ రౌటర్‌కు హాస్టల్ నెట్ అందించండి. వార్డెన్‌ను ఒక మాట అడిగే చేయండి. ఒకే గదిలో రౌటర్, కన్సోల్, హెడ్‌సెట్: నిజానికి ఇంతకంటే మంచి ఏర్పాటు పెద్ద ఫ్లాట్‌లో కూడా దొరకదు.

రిజల్యూషన్ గురించి క్లుప్తంగా. క్వెస్ట్ 2 కటకాల వెనక ఒక డిగ్రీ చూపుకు దాదాపు 20 పిక్సెళ్లుంటాయి, క్వెస్ట్ 3లో 25. తెరను 60 డిగ్రీల వెడల్పుకు పెట్టుకుంటే క్వెస్ట్ 2లో దానికి దక్కేది 1200 పిక్సెళ్లు, క్వెస్ట్ 3లో 1500. 720పీ బొమ్మ వెడల్పు 1280. అంటే క్వెస్ట్ 2 వాళ్లు 1080పీ పంపినా అదనంగా చూసేది చాలా తక్కువ. వైఫై ఇబ్బంది పెడుతుంటే నిశ్చింతగా 720పీకి దిగండి, 60 ఫ్రేములు మాత్రం తగ్గించకండి.

ఇప్పుడు అభ్యాసం. ల్యాగ్, అంటే బటన్ నొక్కాక బొమ్మ కదిలేదాకా పట్టే ఆలస్యం, ఎంతుందో ఊహించకుండా కొలుద్దాం. ఆటకు టీవీ అక్కర్లేదు గానీ, ఈ కొలతకు ఇంట్లో టీవీ ఉంటే దాన్ని గేమ్ మోడ్‌లో పెట్టి ఆన్ చేయండి. రిమోట్ ప్లే నడుస్తుండగానే టీవీలోనూ అదే బొమ్మ కనిపిస్తుంది. హెడ్‌సెట్‌ను టీవీ ముందు స్టూలు మీద కటకాలు మీ వైపు ఉండేలా పెట్టండి. కటకాల మధ్య, ముక్కుకు పైన, ముఖాన్ని గుర్తుపట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. దానిమీద కాగితం ముక్క అంటిస్తే హెడ్‌సెట్ నిద్రపోదు. ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం ఇది చేయకండి. కటకాల గుండా సూర్యకాంతి కేంద్రీకరించి తాకితే డిస్‌ప్లే మాడిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. ఫోన్ కెమెరాను 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, మీ బొటనవేలు, టీవీ, ఒక కటకం మూడూ కనిపించేలా ఎవరినైనా తీయమనండి. మీరు కన్సోల్ హోమ్ స్క్రీన్ మీద ఒక బొమ్మ నుంచి పక్క బొమ్మకు జరగండి, ఆగండి, మళ్లీ జరగండి.

వీడియోను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. వేలు బటన్‌ను నొక్కిన ఫ్రేము నుంచి కటకంలో బొమ్మ కదిలిన ఫ్రేము వరకు లెక్కపెట్టి 4.2తో గుణించండి. 24 ఫ్రేములైతే 100 మిల్లీసెకన్లు. ఆ లోపు వస్తే కథ నడిచే ఆటలు, కారు రేసులు హాయిగా ఆడుకోవచ్చు. క్రికెట్‌లో టైమింగ్ షాట్లకు, కొట్లాట ఆటలకు నేనైతే ఇంకా తక్కువ కోరుకుంటాను. టీవీలో కదిలిన ఫ్రేము కూడా రాసుకోండి. టీవీకీ కటకానికీ తేడా పెద్దదైతే లోపం బొమ్మ వచ్చే దారిలో ఉంది. వేలికీ టీవీకీ మధ్యే తేడా పెద్దదైతే బటన్ వెళ్లే దారిలో, ముఖ్యంగా బ్లూటూత్‌లో వెతకండి. ఇదే కొలత ముందు రౌటర్ ఉన్న గదిలో, తర్వాత మీరు ఆడే గదిలో తలుపు తెరిచి, ఆపై తలుపు వేసి తీయండి. పరిసర ఫ్లాట్లన్నీ నెట్ మీద ఉండే రాత్రి 9 గంటలప్పుడు ఒకసారి తప్పకుండా తీయండి, పొద్దున తీసిన అంకెను నమ్ముకోవద్దు.

ఇవన్నీ చేశాక కూడా మైవాన్ గోడ మిమ్మల్ని ఓడిస్తే నాలుగో పాఠం మీకోసమే. అందులో వైఫైని పూర్తిగా పక్కనపెట్టి, కన్సోల్ హెచ్‌డీఎంఐ తీగను క్యాప్చర్ కార్డ్ (హెచ్‌డీఎంఐ బొమ్మను యూఎస్‌బీలోకి మార్చే చిన్న పరికరం) ద్వారా హెడ్‌సెట్ యూఎస్‌బీ సీ పోర్టుకు కలుపుతాం. కార్డు కొనడానికి వెళ్తే యూవీసీ (యూఎస్‌బీ వీడియో ప్రమాణం) అని రాసి ఉన్నదే అడగండి, మెటా వాళ్ల హెచ్‌డీఎంఐ లింక్ యాప్ గుర్తుపట్టేది దాన్నే. పీఎస్5 సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో హెచ్‌డీఎంఐ తెరిచి హెచ్‌డీసీపీని (వీడియో కాపీ కాకుండా అడ్డుకునే రక్షణ) ఆఫ్ చేసి ఉంచండి, లేకపోతే కటకాల్లో నల్ల తెర తప్ప ఏమీ రాదు. అది ఆఫ్‌లో ఉన్నంతకాలం కన్సోల్‌లోని కొన్ని వీడియో యాప్‌లు తెరుచుకోవు. ఇంట్లో వాళ్లు రాత్రి పూట అందులోనే సినిమాలు చూస్తుంటే ముందే చెప్పి ఉంచండి.