జర్నల్‌కు వ్యాసం పంపే ముందు రిఫరెన్సులలో చూసుకోవలసినవి

బెంగళూరులో పరిశోధన చేస్తున్న మన తెలుగు విద్యార్థులకు: గడువు దగ్గర పడుతోంది కాబట్టి, వ్యాసం పంపేలోపు ఇవి తప్పక చూసుకోండి.

• ప్రతి డీఓఐనీ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు సంఖ్య) తెరిచి చూడండి. ఏఐ ఇచ్చిన జాబితాలో అసలు లేని వ్యాసాలు ఉండవచ్చు. అలాంటిది ఒక్కటి దొరికినా సమీక్షకులు మీ పని మొత్తాన్నీ శంకిస్తారు.

• ఉపసంహరించిన వ్యాసాలను ఏరివేయండి. రిఫరెన్సులను భద్రపరిచే సాఫ్ట్‌వేర్ జొటెరోలో వాటిపై ఎర్రని హెచ్చరిక కనిపిస్తుంది.

• పేర్ల దగ్గర నిదానించండి, మనవాళ్ల పేర్లను సాఫ్ట్‌వేర్ తరచుగా తారుమారు చేస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంటిపేరు యల్లాప్రగడ. అయినా 1925లో సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలత గురించి రాసిన వ్యాసాన్ని అందరూ ‘ఫిస్కే, సుబ్బారావు’ అనే ఉదహరిస్తారు. మూలంలో ఎలా అచ్చయిందో అలాగే ఉంచండి. తమిళుల పేర్లకు ముందుండే పొడి అక్షరం చాలావరకు తండ్రి పేరుది, దాన్ని ఇంటిపేరు అనుకోకండి.

• ఐఈఈఈ శైలిలో (ఇంజినీరింగ్ వ్యాసాల్లో ఎక్కువగా వాడేది) రిఫరెన్సుల సంఖ్యలు ఉదహరించిన వరుసలోనే ఉండాలి. ఒక పేరా జరిపినా వరుస తప్పుతుంది.

• వర్డ్ ఫైలులో రిఫరెన్సుల లింకులు (జొటెరో వంటి సాఫ్ట్‌వేర్‌తో ఉన్న అనుసంధానం) తొలగించే ముందు ఒక ప్రతి దాచుకోండి, సవరణలు అడిగినప్పుడు అదే అక్కరకొస్తుంది.