రైలు మార్గం మీ చెలక మీదుగా వస్తే

2009లో మా బత్తాయి తోటలోంచి కాలువ పోయింది. ఎకరం పది గుంటలకు పరిహారం వచ్చింది కానీ, బోరుకు పైసా రాలేదు. కొలతల రోజు నేను నల్లగొండలో పెళ్లికి వెళ్లాను. కాగితంలో బోరు ఎక్కలేదు, అంతే. 2026 బడ్జెట్‌లో హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై హైస్పీడ్ రైలు మార్గాలను ప్రకటించినప్పటి నుంచి మహబూబ్‌నగర్ వైపు ఉన్న మా బావమరిది రోజూ ఫోను చేస్తున్నాడు. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎంత భూమి పోతుందో లెక్క వేసుకోండి. ముంబయి–అహ్మదాబాద్ మార్గం 508 కిలోమీటర్లు. చాలా భాగం స్తంభాల మీదే పోతుంది కాబట్టి 17.5 మీటర్ల వెడల్పు సరిపోయింది. ఆ లెక్కన మీ పొలంలో 100 మీటర్లు పోతే 17 గుంటల పైచిలుకు. మట్టికట్ట మీద వేస్తే కట్ట అడుగు వెడల్పు కాబట్టి ఇంకా ఎక్కువ. గంటకు 320 కిలోమీటర్ల వేగానికి వేసే పట్టాలు మలుపు తిరగాలంటే కిలోమీటర్ల జాగా కావాలి. మా బావి దగ్గర కాస్త పక్కకు జరపండి అంటే జరగదు. ఆ అర్జీల కోసం తిరిగే రోజులు రికార్డుల మీద పెట్టండి.

భూభారతిలో, అంటే తెలంగాణ భూ రికార్డుల పోర్టల్‌లో, పేరు, విస్తీర్ణం చూసుకోండి. పట్టా ఇంకా చనిపోయిన తండ్రి పేరునే ఉంటే వెంటనే విరాసత్, అంటే వారసుల పేరుకు మార్పిడి, చేయించండి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న భూమి అయితే ఇప్పుడే కాగితం రాసుకోండి. డబ్బు వచ్చాక ఎవరూ కూర్చుని మాట్లాడరు.

నోటిఫికేషన్ రాగానే అది ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. రైల్వే చట్టమైతే అభ్యంతరాలకు 30 రోజులు, 2013 భూసేకరణ చట్టమైతే 60 రోజులు. అర్జీ ఇచ్చి ముద్ర వేసిన రసీదు తీసుకోండి.

ఇక కొలతల రోజు. ఆ రోజు ఎవరి పెళ్లయినా వెళ్లకండి. ముందురోజే ప్రతి చెట్టు మొదలుకు సున్నం పూసి నంబరు వేయండి. ‘బత్తాయి చెట్లు 80’ అని రాస్తే ఒప్పుకోకండి. ఎన్ని కాపు మీద ఉన్నాయి, ఎన్ని మొక్కలు, ఒక్కోటి ఎన్నేళ్లది అన్నది విడివిడిగా రాయించండి. ఎనిమిదేళ్ల చెట్టుకూ ఏడాది మొక్కకూ ఒకే ధర కట్టరు. భూమిలో ఉన్న పైపులైను ఎవరి కంటికీ కనబడదు. రెండుచోట్ల తవ్వి పైపు బయటపెట్టి చూపించండి. బోరు లోతు, మోటారు, కరెంటు సర్వీసు నంబరు ఎక్కాయో లేదో చూడండి. మా బావమరిదికి బోరు ఒకవైపు, తోట ఇంకోవైపు పడేలా ఉంది. భూమి రెండు ముక్కలైతే వచ్చే నష్టాన్నీ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. ట్రాక్టరు పోయే దారి, పైపు దాటే చోటు కూడా ఆ రోజే అడిగి రాయించాలి. పంచనామాలో, అంటే ఆ రోజు చూసిందంతా రాసే కాగితంలో, ఖాళీ గడులుంటే సంతకం పెట్టకండి. పెట్టాక ప్రతి పేజీకీ ఫోటో తీసుకోండి.

ధర సంగతి. స్టాంపుల విలువతో, అంటే రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పెట్టిన ధరతో, పోల్చడానికి గత మూడేళ్ల అమ్మకాల దస్తావేజుల్లో ఎక్కువ ధరవి సగం తీసి సగటు కడతారు. ఆ రెండింటిలో ఎక్కువ వచ్చిందే మార్కెట్ విలువ. రిజిస్ట్రేషన్‌లో సగం ధర రాయించి స్టాంపు ఖర్చు మిగుల్చుకున్న మన ఊరి తెలివిమంతుల ఫలం అందరికీ అందేది ఇక్కడే. పల్లెల్లో ఆ విలువను రాష్ట్రం నిర్ణయించిన 1 నుంచి 2 మధ్య అంకెతో గుణించి, చెట్లు, బోర్ల విలువ కలిపి, మొత్తానికి అంతే సొమ్ము సోలేషియంగా, అంటే బలవంతాన భూమి తీసుకున్నందుకు ఊరటగా, చేరుస్తారు. ఎకరం పది లక్షలు, గుణకం 1.5 అనుకుంటే భూమికే ముప్పై లక్షలు. బోరు విలువ జాబితాకెక్కితే అదీ రెట్టింపవుతుంది. మా బోరులా మీది జాబితా బయట ఉండిపోకూడదు.

డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయండి. 2013 చట్టం కింద ఆ మాట లేకపోతే తర్వాత ఎక్కువ పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు, ఇచ్చిన రోజు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లో కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. రైల్వే చట్టమైతే కేంద్రం నియమించిన మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు సున్నం నంబర్ల ఫోటోలు, పంచనామా నకలు, బోరు బిల్లు ఒకే సంచిలో పెట్టుకోండి.