లైనక్స్‌లో గేమ్స్ ఆడటం ఎలా? ముందు లిస్టు, తర్వాతే ఇన్‌స్టాల్

విండోస్ నుంచి లైనక్స్‌కి మారాలని ఉంది గానీ గేమ్స్ సంగతేంటి అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. లైనక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి ఇప్పుడే పెన్‌డ్రైవ్ తీయకండి, ముందు కాగితం తీయండి. సేల్‌లో కొనిపడేసి ఇంతవరకూ తెరవనివి కాకుండా, ఈ ఆరు నెలల్లో మీరు నిజంగా ఆడిన గేమ్స్ పేర్లు రాసుకోండి. ఈ రోజుల్లో ఒక గేమ్ లైనక్స్ చేతకానితనం వల్ల ఆగిపోవడం తక్కువ, దాన్ని తయారుచేసినవాళ్లు వద్దనుకోవడం వల్ల ఆగిపోవడమే ఎక్కువ. అందుకే మీకు ఏ డిస్ట్రో (లైనక్స్‌లో ఉన్న రకరకాల వెర్షన్లని ఇలా అంటారు) బాగుంటుందన్న చర్చకంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.

1. లిస్టులో ఉన్నవి నడుస్తాయో లేదో చూడండి

విండోస్ గేమ్స్‌ని లైనక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు ప్రోటాన్, దాని కథ కింద చెప్తాను. అందులో ఏ గేమ్ ఎలా నడుస్తుందో చెప్పే ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ఒక్కో గేమ్ పేరు కొట్టి చూడండి. ఆడినవాళ్లు ఇచ్చిన రిపోర్టులను బట్టి ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, బోర్క్‌డ్ అని రేటింగ్ ఉంటుంది. ప్లాటినం, గోల్డ్ అయితే దిగులు లేదు. సిల్వర్ అంటే చిన్నచిన్న చికాకులు ఉంటాయి. బోర్క్‌డ్ అంటే ఆశ వదులుకోవడమే. రేటింగ్ ఒక్కటే చూసి వచ్చేయకండి, కిందికి దిగి గత రెండు మూడు నెలల్లో రాసినవి, అందులోనూ మీలాంటి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు రాసినవి చదవండి. మూడేళ్ల కిందటి రిపోర్టుకి ఇప్పుడు విలువ లేదు.

ఆన్‌లైన్‌లో ఇతరులతో పోటీపడే గేమ్స్ అయితే ఆర్ వీ యాంటీ చీట్ యెట్ అనే సైట్ కూడా చూడాలి. అసలు చిక్కంతా యాంటీ చీట్, అంటే ఆటలో మోసగాళ్లను పట్టుకునే ప్రోగ్రామ్‌ల దగ్గరే. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌తో పనిచేసేలా దారి ఇచ్చాయి, కాకపోతే దాన్ని ఆన్ చేయాలా వద్దా అన్నది గేమ్ డెవలపర్ ఇష్టం. కొందరు చేశారు, కొందరు చేయలేదు. ఇంకొందరు నడుస్తున్నదాన్ని కూడా ఆపేశారు. అపెక్స్ లెజెండ్స్ చాలాకాలం లైనక్స్‌లో హాయిగా నడిచింది, 2024 అక్టోబరు చివర్లో తలుపు మూసేశారు. జీటీఏ ఆన్‌లైన్‌కి అదే ఏడాది సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ చేర్చినప్పుడు లైనక్స్ వాళ్లు బయటపడ్డారు. వాలరెంట్‌లోని వ్యాన్‌గార్డ్ అయితే విండోస్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) లోపల కూర్చుని కాపలా కాసే రకం, అది ప్రోటాన్‌లో నడిచే ప్రశ్నే లేదు.

లైనక్స్‌లో కెర్నల్‌ని ఎవరైనా మార్చుకోవచ్చు కాబట్టి మోసగాళ్లను పట్టుకోవడం కష్టం అన్నది ఇలా ఆపేసిన కంపెనీల వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే విండోస్‌లో మాత్రం చీటర్లు తగ్గారా అని అడిగితే జవాబు రాదు, అది వేరే సంగతి. మీ లిస్టులో ఇలాంటి గేమ్ ఒక్కటి ఉండి, అది లేకుండా మీకు పొద్దుపోకపోతే, విండోస్‌ని తీసేయకుండా పక్కన ఉంచుకుని డ్యూయల్ బూట్ (ఆన్ చేసినప్పుడు రెండిట్లో ఏ సిస్టమ్ కావాలో ఎంచుకునే పద్ధతి) పెట్టుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

2. తెర వెనక ఏం జరుగుతుందో కాస్త తెలుసుకోండి

ఇది తెలియకపోయినా ఆడొచ్చు. కానీ ఏదైనా చెడినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. 1993లో మొదలైన వైన్ అనే ప్రాజెక్టు ఒక దుబాసీ లాంటిది, విండోస్ ప్రోగ్రామ్ అడిగే ప్రతిదాన్నీ లైనక్స్‌కి అర్థమయ్యేలా చెబుతుంది. గ్రాఫిక్స్ భాష వేరు కాబట్టి దానికి వేరే దుబాసీలు ఉన్నారు. విండోస్ గ్రాఫిక్స్ భాషైన డైరెక్ట్ఎక్స్‌లో 11, అంతకు ముందువాటిని డీఎక్స్‌వీకే, డైరెక్ట్ఎక్స్ 12ని వీకేడీ3డీ ప్రోటాన్ లైనక్స్‌కి తెలిసిన వల్కన్ అనే భాషలోకి మారుస్తాయి. వీటన్నిటినీ ఒక్క మూటగా కట్టి ఇచ్చేదే ప్రోటాన్, స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ దాన్ని 2018 ఆగస్టులో మొదట విడుదల చేసింది.

దీనికి ముందు కథ కూడా చెప్పాలి. 2013లోనే కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్ లైనక్స్‌కి వచ్చింది, 2015లో స్టీమ్ మెషీన్లు అని లైనక్స్‌తో నడిచే గేమింగ్ పెట్టెలూ వచ్చాయి, డెవలపర్లు లైనక్స్ వెర్షన్లు చేసిపెడతారని అందరూ ఎదురుచూశారు. చాలామంది చేయలేదు. ఆడేవాళ్లు లేరని డెవలపర్లు, ఆడటానికి గేమ్స్ లేవని ఆడేవాళ్లు. ప్రోటాన్‌తో వాల్వ్ ఆ బతిమాలడం మానేసి, విండోస్ వెర్షన్‌నే నడిపించేసింది. 2022లో లైనక్స్‌తో నడిచే, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ వచ్చాక డెవలపర్లే తమ గేమ్ అందులో సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడం మొదలుపెట్టారు.

3. డిస్ట్రో, డ్రైవర్లు

డిస్ట్రో గురించి ఎక్కువ ఆలోచించకండి. కొత్తవాళ్లకి మింట్, ఫెడోరా, ఉబుంటు ఏదైనా సరే. గేమ్స్ కోసమే కంప్యూటర్ అంటే బజైట్ చూడండి, స్టీమ్ అందులో ముందే ఉంటుంది.

ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవాళ్లకి మెసా డ్రైవర్లు సిస్టమ్‌తోనే వస్తాయి, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తే చాలు. ఎన్విడియా వాళ్లు మాత్రం కంపెనీ ఇచ్చే డ్రైవర్ వేసుకోవాలి. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి సిఫార్సు చేసినది ఎంచుకోండి. సెక్యూర్ బూట్ అనే రక్షణ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ కాగానే నీలం స్క్రీన్ వచ్చి కీ ఎన్‌రోల్ చేయమని అడుగుతుంది. కంగారుపడి దాన్ని దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు, ఆ తర్వాత గేమ్ స్లైడ్ షోలా నడుస్తుంటే లైనక్స్‌ని తిడుతూ కూర్చుంటారు.

4. స్టీమ్ పెట్టి ఆడటం

ఉబుంటులో స్టీమ్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది, నా సలహా మాత్రం స్టీమ్ సైట్‌లో ఇచ్చే డెబ్ అనే ఇన్‌స్టాలర్ ఫైల్. లాగిన్ అయ్యాక మీ లైబ్రరీలోని విండోస్ గేమ్స్‌కి కూడా ఇన్‌స్టాల్ బటన్ కనిపించాలి. పాత వెర్షన్లలో సెట్టింగ్స్‌లోని కంపాటబిలిటీకి వెళ్లి టిక్ పెట్టాల్సి వచ్చేది, ఇప్పుడు ప్రోటాన్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు వల్కన్ షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రామ్‌లు) ప్రాసెస్ అవుతున్నాయని ఒక గీత మెల్లగా కదులుతుంది. స్కిప్ నొక్కినా గేమ్ వస్తుంది గానీ, ఆటలో అక్కడక్కడా తడబడుతుంది. కాసేపు ఆగండి.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. మళ్లీ డౌన్‌లోడ్ ఎందుకులే అని విండోస్ డ్రైవ్‌లో ఉన్న గేమ్స్ ఫోల్డర్‌నే లైనక్స్ స్టీమ్‌కి చూపించాను. కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని ప్లే నొక్కగానే మాయం, ఎర్రర్ కూడా లేదు. ఒక ఆదివారం మొత్తం డ్రైవర్లు పీకి పెట్టాక తేలిందేంటంటే, ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ తయారుచేసే ఫోల్డర్‌లో కోలన్ గుర్తున్న పేర్లుంటాయి, విండోస్ డ్రైవ్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌కి అవి పడవు. గేమ్స్‌ని లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లోనే పెట్టండి.

ఎపిక్, గాగ్ స్టోర్లలో కొన్న గేమ్స్‌కి హీరోయిక్ లాంచర్ (గేమ్స్ తెరిచే యాప్) వాడండి. పాత సీడీ గేమ్స్, ఇతర లాంచర్లకి లుట్రిస్.

5. నడవకపోతే

గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో కంపాటబిలిటీ, అక్కడ ప్రోటాన్ వెర్షన్ మార్చి చూడండి. ముందు ఎక్స్‌పెరిమెంటల్, కుదరకపోతే బయటివాళ్లు తయారుచేసే జీఈ ప్రోటాన్. ఈ రెండోది స్టీమ్‌లో ఉండదు, ప్రోటాన్‌అప్ క్యూటీ అనే చిన్న యాప్‌తో దించుకోవాలి. కట్‌సీన్ల (ఆట మధ్యలో కథ చెప్పే సన్నివేశాల) దగ్గర వీడియో బదులు రంగుల గీతలు కనిపిస్తే ఇదే మందు.

లైనక్స్ వెర్షన్ ఉండి కూడా సరిగా నడవని గేమ్స్‌కీ ఇదే చిట్కా. ఎప్పుడో విడుదల చేసి తర్వాత పట్టించుకోని లైనక్స్ వెర్షన్ కంటే ప్రోటాన్‌లో విండోస్ వెర్షన్ బాగా నడిచిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అప్పటికీ మొండికేస్తే లాగ్, అంటే గేమ్ నడిచేటప్పుడు ఏం జరిగిందో రాసి ఉంచే ఫైల్ తీయండి. ప్రాపర్టీస్‌లోని లాంచ్ ఆప్షన్స్‌లో ప్రోటాన్, లాగ్ అనే రెండు ఇంగ్లీషు మాటల్ని అండర్‌స్కోర్‌తో కలిపి అన్నీ పెద్దక్షరాల్లో, వెంటనే ఈక్వల్ గుర్తు, 1 అంకె, ఒక స్పేస్, ఆ తర్వాత రెండు పర్సెంట్ గుర్తుల మధ్య కమాండ్ అనే మాట చిన్నక్షరాల్లో రాయండి. గేమ్ ఒకసారి తెరిచి మూస్తే హోమ్ ఫోల్డర్‌లో లాగ్ ఫైల్ వస్తుంది. ప్రోటాన్ కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లోని ప్రోటాన్ పేజీలో ఆ గేమ్ పేరుతో ఇష్యూ (ఫిర్యాదు) ఇప్పటికే ఉందేమో చూసి, లాగ్‌నీ, స్టీమ్ హెల్ప్ మెనూలో వచ్చే సిస్టమ్ సమాచారాన్నీ అక్కడ పెట్టండి. "నడవట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

6. డెవలపర్ దాకా మాట చేరాలంటే

యాంటీ చీట్ లాంటివి ప్రోటాన్ వాళ్ల చేతిలో లేనివి, అక్కడ గిట్‌హబ్‌లో అరిచి లాభం లేదు, డెవలపర్‌నే అడగాలి. లైనక్స్ వెర్షన్ చేయండి అని అడిగితే చిన్న టీమ్‌కి టెన్షన్, ఇంకో ప్లాట్‌ఫామ్‌ని ఏళ్ల తరబడి మోయాలి. రాకెట్ లీగ్ లాంటి పెద్ద గేమే 2020 మార్చిలో లైనక్స్, మ్యాక్ వెర్షన్లకి సపోర్ట్ ఆపేసింది. ప్రోటాన్‌లో ఒకసారి టెస్ట్ చేయండి, లాంచర్‌ని దాటే ఆప్షన్ ఇవ్వండి, యాంటీ చీట్‌లో లైనక్స్ ఆన్ చేయండి అని అడిగితే వినే అవకాశం ఎక్కువ.

మీరే గేమ్ తయారుచేస్తూ నేటివ్ వెర్షన్, అంటే లైనక్స్ కోసమే చేసిన వెర్షన్ ఇవ్వాలనుకుంటే, ముందు ఫైల్ పేర్లు సరిచూసుకోండి. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం గొడవే లేదు గానీ, లైనక్స్‌కి అవి రెండూ వేరు, విండోస్‌కి ఒకటే. కోడ్‌లో ఒకలా, ఫోల్డర్‌లో ఇంకోలా ఉంటే మీ మెషీన్‌లో నడిచిన గేమ్ లైనక్స్‌లో టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) లేకుండా తెరుచుకుంటుంది.

ఆడేవాళ్ల విషయానికొస్తే, ప్రోటాన్ ద్వారా ఆడినా స్టీమ్ లెక్కల్లో మీరు లైనక్స్ వాళ్లే. కొత్త గేమ్ కొన్నప్పుడు లైనక్స్‌లోనే ముందు తెరవండి. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే రీఫండ్ అడగొచ్చు. గేమ్ తెరిచి ఉంచి సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టిన సమయం కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది, గడియారం మీద ఓ కన్నేయండి. వెనక్కిస్తుంటే నోట్స్ గడి ఖాళీగా వదలకుండా "లైనక్స్‌లో నడవలేదు, ఫలానా ప్రోటాన్ వెర్షన్‌లో ప్రయత్నించాను" అని రాయండి. ఆ నోట్స్ డెవలపర్‌కి కనిపిస్తాయి.