పూలలో పడిన గోల్ఫ్ బంతి: కాలు పెట్టేముందు స్టేకులు చూడండి

బంతి పూలలోకి వెళ్లగానే వెనకే దిగిపోకండి. ముందు అంచున ఉన్న స్టేకుల (నేలలో పాతిన గుంజల) కొసలు చూడండి. కొసన ఆకుపచ్చ రంగు ఉంటే అది మామూలుగా ‘నో ప్లే జోన్’, అంటే ఆడకూడని చోటు. స్కోర్‌కార్డు మీది లోకల్ రూల్స్‌లో ఖాయం చేసుకోండి. అక్కడ్నుంచి ఆడితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆట) 2 పెనాల్టీ స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో (ఒక్కో హోల్‌కీ గెలుపోటములు చూసే ఆట) ఆ హోలే పోతుంది. బంతి బయటున్నా, నిలబడటానికో స్వింగ్‌కో ఆ జోన్ అడ్డొస్తే అలాగే ఆడటం కుదరదు.

ఆ జోన్ పెనాల్టీ ఏరియాలో (నీటిగుంటల్లాంటి చోటు) ఉండి, బంతీ అందులోనే పడితే 1 స్ట్రోక్ పెనాల్టీతో బయటికి రావాలి. లేదంటే రిలీఫ్ (బంతిని వేరేచోటికి మార్చుకునే వీలు) ఉచితం: అడ్డు పూర్తిగా తొలగే దగ్గరి చోటునుంచి ఒక క్లబ్ (బంతి కొట్టే కర్ర) పొడవులోపు, హోల్‌కి దగ్గరవకుండా, మోకాలి ఎత్తునుంచి బంతిని డ్రాప్ చేయాలి (వదలాలి). లోపల అడుగే పెట్టొద్దన్న కోర్సుల్లో బంతి మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆకుపచ్చ కొసలు లేకపోతే వెతకొచ్చు. గడువు 3 నిమిషాలే. అందుకే పోయిందేమోనన్న అనుమానం రాగానే ‘ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే వాడే తాత్కాలిక బంతి) ఆడుతున్నా’ అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టాకే బయల్దేరండి. చెప్పకుండా కొడితే ఆ రెండోదే అసలు బంతైపోతుంది. వెతుకుతూ పొరపాటున బంతిని తన్నినా పెనాల్టీ లేదు, ఉన్నచోట పెడితే సరి.

ఎక్కువమంది దొరికిపోయేది బంతి కనబడ్డాకే. కాడలమధ్య వేలాడే బంతి పక్కన చెయ్యి పెడితే జారి కిందపడుతుంది: 1 స్ట్రోక్, పైగా అదే ఎత్తులో తిరిగి పెట్టాలి. బంతి వెనకున్న కాడను పాదంతో అణిచినా, పువ్వు తుంచినా 2 స్ట్రోకులు. రాలిన రేకులు తీసేయొచ్చు, బంతి కదలకూడదంతే.

లండన్ చుట్టుపక్కల సన్నింగ్‌డేల్, వాల్టన్ హీత్ కోర్సుల్లో ఆగస్టుకల్లా ఊదారంగులో పూసే హెదర్ పొద చూడ్డానికి మెత్తగా ఉంటుంది, కాడలు మాత్రం తీగల్లాంటివి. క్లబ్ మెడకి చుట్టుకుని, బంతికి తగిలే ముఖాన్ని లోపలికి తిప్పేస్తాయి. కుడిచేతివాటం వాళ్ల బంతి ఎడమకి పోతుంది. వెడ్జ్ (బంతిని పైకి లేపే పొట్టి క్లబ్) తీసుకుని, పట్టు బిగించి, ఫెయిర్‌వేకి (గడ్డి కత్తిరించిన ఆట దారికి) దగ్గరి దారిన కొట్టండి. గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) మీదికి గురిపెట్టే చోటు కాదది.

ఆడలేననుకుంటే 1 స్ట్రోక్ పెనాల్టీతో ‘అన్‌ప్లేయబుల్’ (ఆడలేని బంతి) అని ప్రకటించి రిలీఫ్ తీసుకోవచ్చు: కిందటి షాట్ కొట్టినచోటికి వెళ్లడం, జెండాకీ బంతికీ కలిపిన గీతమీద వెనక్కి జరగడం, లేదా పక్కకి రెండు క్లబ్ పొడవులు. పక్కకి జరిగినా కొన్నిసార్లు మళ్లీ హెదరే. డ్రాప్ అక్కడే పడి మళ్లీ ఆడలేకపోతే ఇంకో పెనాల్టీ ఖర్చవుతుంది, కాబట్టి డ్రైవర్‌తో (బ్యాగులో మామూలుగా అన్నిటికంటే పొడవైన క్లబ్) కొలిచి చూశాకే బంతి ఎత్తండి.