మధుమేహం ఉన్నవారు నట్స్ ఎలా తినాలి?

కావలసినవి మూడే: వంటింటి తూకం, మూత ఉన్న చిన్న డబ్బా, ఉప్పూ తీపీ పట్టించని బాదం, వాల్‌నట్, పిస్తా, వేరుశనగల్లో ఏవైనా రెండు రకాలు. వేరుశనగ కాయధాన్యపు జాతిదే అయినా పోషకాల్లో వీటికి దగ్గరగానే ఉంటుంది కనుక దాన్ని తక్కువగా చూడనక్కరలేదు. తేనె పూసినవి, చాక్లెట్ పూత వేసినవి వద్దు. బాదం నానబెట్టి పొట్టు తీసేయాలని పట్టుబట్టేవారున్నారు గానీ పొట్టుతో పాటు కొంత పీచు కూడా పోతుంది కనుక పొట్టుతోనే తినాలి.

రోజూ ఉదయమే ఆనాటి వాటా తూచి డబ్బాలో వేసుకోవాలి. 28 గ్రాములు చాలు. బాదం అయితే 23 గింజలు, వాల్‌నట్ అయితే 14 సగాలు. "రోజుకో గుప్పెడు" అన్న సలహా ఎంత మోసం చేస్తుందో, నా గుప్పెడు బాదాన్ని తూకం మీద వేసి 45 గ్రాములు చూసిన రోజున నాకు తెలిసింది. 28 గ్రాముల బాదంలో సుమారు 160 కేలరీలుంటే, ఆ గుప్పెట్లో 260 దాటాయి. అంతకుముందు నేను ఎన్నాళ్లుగా అలా తింటున్నానో లెక్క లేదు.

ఇక అందరూ తప్పు చేసే మెట్టు ఇది. నట్స్‌ను ఉన్న తిండికి అదనంగా కాక, అందులో ఏదో ఒకదాని స్థానంలో తినాలి. సాయంత్రం నాలుగు బిస్కెట్లు తినే అలవాటు ఉంటే, నట్స్ తిన్న రోజున ఆ బిస్కెట్లు ఉండకూడదు. 28 గ్రాముల బాదంలో పిండిపదార్థం 6 గ్రాములే, అందులోనూ 3.5 గ్రాములు పీచు. పైగా కొవ్వు, మాంసకృత్తులు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి కనుక రక్తంలో గ్లూకోజ్ నెమ్మదిగా పెరుగుతుంది. అయితే బిస్కెట్లు తినేసి, "మేలు చేస్తాయి కదా" అని పైన నట్స్ వేసుకుంటే బిస్కెట్ల చక్కెర ఎక్కడికీ పోదు, కేలరీలు మాత్రం పెరుగుతాయి, బరువు పెరిగితే ఇన్సులిన్ పనితీరు ఇంకా మందగిస్తుంది. జీడిపప్పుకు ఈ జాగ్రత్త మరీ అవసరం: అదే తూకానికి పిండిపదార్థం 9 గ్రాముల దాకా ఉండి, పీచు 1 గ్రాము చుట్టూనే ఉంటుంది.

ఇలా నట్స్‌కు మారిన మొదటి వారం తినకముందు, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుని రాసిపెట్టుకోవాలి. రీడింగ్ 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గి చెమటలు, వణుకు వచ్చినప్పుడు మాత్రం నట్స్ జోలికి వెళ్లరాదు. వాటిలోని కొవ్వు గ్లూకోజ్‌ను ఆలస్యం చేస్తుంది. అప్పుడు వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవారు పొటాషియం, ఫాస్ఫరస్ విషయంలో డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు. నట్స్ అలర్జీ ఉన్నవారికి ఈ వ్యాసమే అక్కరలేదు.

మిగిలిన నట్స్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి. వాల్‌నట్ తొందరగా ముక్కిపోతుంది. పాత పెయింట్ లాంటి వాసన వస్తే పారేసి కొత్తవి తెచ్చుకోవాలి.