ఉత్సాహం చెప్పడానికి ఇంగ్లీషులో ఏ మాట, చెక్‌లో ఏ మాట

చెక్ రిపబ్లిక్‌కు చదువుకోవడానికో పనికో వెళ్లబోతున్న నల్గొండ, పాలమూరు పిల్లలు ముందు ఇంగ్లీషులో మెయిళ్లు రాయాలి, అక్కడ దిగాక నాలుగు చెక్ ముక్కలూ మాట్లాడాలి. సంతోషం ఎక్కడ చెప్పాల్సి వచ్చినా చాలామంది 'ఎగ్జైటెడ్' ఒక్కదానితోనే నెట్టుకొస్తారు. అది సరిపోదు. మీరు చెప్పేది ఇంకా జరగాలా, జరుగుతోందా, అయిపోయిందా చూసుకోండి, మాట దాన్నిబట్టి మారుతుంది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడ. సాగర్ 26 గేట్లూ ఎత్తారని తెలిసి మిర్యాలగూడ నుంచి బండి తీశారనుకోండి. ఆ నీళ్ల హోరు 'ఎగ్జైటింగ్', చూడబోతున్న మీరు 'ఎగ్జైటెడ్'. ఇంటర్వ్యూలో 'ఐ యామ్ ఎగ్జైటింగ్' అని మాత్రం అనకండి, నన్ను చూస్తే ఎవరికైనా హుషారొస్తుంది అన్నట్టు ఉంటుంది.

జరగబోయేదానికి 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ' అనండి. 'టు మీట్' తప్పు. ఇది మర్యాదగా ఉంటుంది కాబట్టి ప్రొఫెసర్‌కైనా రాయొచ్చు. చెక్‌లో దీనికి 'త్యెషీమ్ సె', మీ కోసం ఎదురుచూస్తున్నాను అనాలంటే 'త్యెషీమ్ సె న వాస్'. దోస్తులతో అయితే 'ఐ కాంట్ వెయిట్', చెక్‌లో 'నెమూజు సె దొచ్కత్', అంటే కాలు నిలవడం లేదు అన్నంత ఆత్రం. చెక్ మాటల్లో మొదటి అక్షరాన్నే నొక్కి పలుకుతారు, అది పట్టుకుంటే ఎదుటివాళ్లకు సగం అర్థమైపోతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. డిక్షనరీలో 'ఎగ్జైటెడ్'కు 'వ్జ్రుషెనీ' అని ఉంటుంది, కానీ మీ గురించి మీరు ఆ మాట అంటే కామోద్రేకం అనే అర్థం రావచ్చు. కొత్త ఆఫీసులో మొదటి రోజే ఆ ఇబ్బంది ఎందుకు? మగవాళ్లు 'నత్షెనీ', ఆడవాళ్లు 'నత్షెనా' అంటే చాలు. ఇలాంటిదే ఇంకొకటి ఉంది: పరీక్షకు ముందు గుండె దడదడలాడితే ఇంగ్లీషులో 'బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్' అంటారు, చెక్‌లో కడుపులో సీతాకోకచిలుకలు అంటే ఎక్కువగా ప్రేమలో పడ్డారని అనుకుంటారు. పరీక్ష టెన్షన్‌కు 'మామ్ త్రేము' అనండి.

మ్యాచ్ చివరి ఓవర్‌లో ఉన్న ఉత్కంఠకు 'ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ మై సీట్'. చెక్ వాళ్లు మనలాగే 'ఊపిరి బిగబట్టి' అనే మాట వాడతారు, 'సె జతయెనీమ్ దెఖెమ్'.

వీసా చేతికొచ్చి ఎగిరి గంతేయాలనిపిస్తే 'ఐ యామ్ ఓవర్ ద మూన్', చెక్‌లో ఏడో స్వర్గం, 'ఫ్ సెద్మేమ్ నెబి'. 'థ్రిల్డ్' కూడా ఇక్కడికే సరిపోతుంది, ముందు 'వెరీ' పెట్టకుండా 'అబ్సల్యూట్లీ' పెట్టండి.

సాధనకు కురుమూర్తి జాతరో చెర్వుగట్టు జాతరో తీసుకోండి. బయల్దేరే ముందు ఒక వాక్యం, జనంలో నిలబడి ఉన్నప్పుడు ఒకటి, ఇంటికొచ్చాక ఒకటి, మూడూ ముందు ఇంగ్లీషులో, తర్వాత చెక్‌లో పైకి చదువుతూ రాయండి.